లోహాల అరలో పెళ్ళి బ్యాండు

జంషెడ్‌పూర్‌లో మా గోల్‌మురి క్వార్టర్ల వెనక వీధిలో ఉండే ఒకమ్మాయి ఈమధ్య వెబ్‌సైట్లను సెర్చ్‌లో పైకి తెచ్చే కంపెనీలో చేరింది. నేను జీవితమంతా చేసింది ఆ పనేనని వాళ్ళమ్మ చెప్పిందట. ఇంటికొచ్చి, "ఆంటీ, కుఛ్ టిప్స్ దీజియే నా" అంది, చిట్కాలు చెప్పమని. నేను తెలుగులో మొదలుపెట్టాను, తను హిందీలో ఊఁ కొట్టింది. అసలు సంగతికి వచ్చేలోగా ఫోను మోగితే లేచి వెళ్ళిపోయింది. చెప్పకుండా మిగిలిపోయింది ఇక్కడ రాస్తున్నాను.

ప్రమోషన్ల గురించి రాయను. మా ఆఫీసులో ఉన్నది ఇద్దరం, అందులో ఒకరు యజమాని.

ఆ పని ఏమిటంటే

వెబ్ డైరెక్టరీ అంటే ఈనాటి పిల్లలకు తెలియదు. ఇంటర్నెట్‌లోని సైట్లన్నిటినీ రకాల వారీగా సర్దిపెట్టిన పెద్ద బీరువా లాంటిదది. దేశం అర తీస్తే రాష్ట్రాలు, రాష్ట్రం అర తీస్తే ఊళ్ళు, ఊరి అరలో ఆసుపత్రులు, హోటళ్ళు, లోహాలు. ఆ అరలు సర్దేది యంత్రం కాదు, మనుషులు. వాళ్ళను ఎడిటర్లనేవారు. జీతం ఉండదు. ఎక్కడో తమ ఇంట్లో కూర్చుని, మనం పంపిన సైటు చూసి, నచ్చితే అరలో పెడతారు, నచ్చకపోతే తిప్పికొడతారు. పేరున్న డైరెక్టరీలో చోటు దొరికిన సైటుకు సెర్చ్ ఇంజన్లు కూడా మర్యాద ఇచ్చి పైకి తెచ్చేవి. ఆ చోటు సంపాదించడమే నా ఉద్యోగం.

మా ఆఫీసు సాక్చిలో ఒక చీరల దుకాణం మేడమీద ఉండేది. యజమాని మిశ్రాజీ అంతకుముందు నీళ్ళ ఫిల్టర్లు అమ్మేవారు. ఆయనకు రెండు గట్టి నమ్మకాలు. మొదటిది, ఎడిటరనేవాడు అమెరికాలో ఉంటాడు, కాబట్టి అతను కాఫీ తాగి హుషారుగా ఉండే వేళ చూసి సైటు పంపాలి. అందుకని సాయంత్రం దీపం పెట్టే వేళ దాకా నన్ను మీట నొక్కనిచ్చేవారు కాదు. నొక్కేముందు మోడెమ్‌కు అగరొత్తి తిప్పేవారు.

రెండోది ఇంగ్లీషు 'ఏ' అక్షరం మీద నమ్మకం. డైరెక్టరీల్లో పేర్లు అక్షర క్రమంలో ఉంటాయి కనక మేము సైటు చేసిన ప్రతి వ్యాపారం 'ఏ'తో మొదలవ్వాల్సిందే. జనార్దన్ స్వీట్స్ కాస్తా ఏ-వన్ జనార్దన్ స్వీట్స్ అయింది. తర్వాత ఇంకో మిఠాయి దుకాణం వస్తే దానికి ఏ-ఏ-వన్ అని పెట్టాం. రానురాను మా కస్టమర్ల పేర్లు పంటినొప్పితో మూలిగినట్టు తయారయ్యాయి. నవ్వుకున్నాను గానీ, ఆయన తెలివితక్కువవాడు కాదు. జనం పై నాలుగు పేర్లే చూస్తారని ఊళ్ళో అందరికన్నా ముందు కనిపెట్టింది ఆయనే. కిందికి జరిపి చూసే ఓపిక అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

సింహాచలం బాబాయ్ బ్యాండు

ఒకరోజు సింహాచలం బాబాయ్ మెట్లెక్కి వచ్చాడు. భుయ్యాడీహ్‌లో నది వైపు బస్తీలో నూకాలమ్మ బ్రాస్ బ్యాండ్ ఆయనది. మా పెళ్ళిళ్ళన్నిటికీ ఆయనే వాయించాడు కనక చిన్నప్పటినుంచీ ఎరుగుదును.

"పెల్లిల్ల లగన్ సీజన్లో కూడా పిలుపు నేదు పాపా," అన్నాడు కుర్చీ అంచున కూర్చుని. "ఎవుడు సూసినా డీజే పెట్టీసుకుంటన్నాడు. మావోలు బాకాలు జుగ్‌సలాయి తుక్కు బజారుకి తీసుకెల్లి తూకానికి అమ్మీద్దాం అంటన్నారు. కొంపదీసి నాను ఒప్పీసుకున్నానంటే మల్లీ కొనగలవేటి? ఇంటర్నెట్టులో ఎడితే పిలుపులొత్తాయని ఎవురో సెప్పినారు."

ఆ గొంతులో ఉన్న భయం నేనెరిగిన సింహాచలం బాబాయ్‌ది కాదు. మిశ్రాజీ మాత్రం వెంటనే పేరు దగ్గరికి వెళ్ళారు. నూకాలమ్మ అంటే 'ఎన్' కదా, అడుగున ఎక్కడో పడుతుంది, మార్చాలన్నారు.

"అమ్మోరి పేరు మార్చమంటాడేటి?" అని బాబాయ్ నా వైపు తిరిగాడు. అంతలో తానే దారి చెప్పాడు. "అమ్మోరు నూకాలమ్మ అనండి. అమ్మోరిని అమ్మోరు అంటే తప్పేటి? అది 'ఏ'యే కదా."

మిశ్రాజీ లేచి ఆయనకు చేతులు జోడించారు. నేను రెండు పేజీల సైటు చేశాను. ఎర్ర కోట్లు, బంగారు రంగు అంచులు, మధ్యలో బాబాయ్ క్లారినెట్‌తో ఉన్న ఫొటో. సాయంత్రం అగరొత్తి తిప్పి పంపాం.

తిప్పికొట్టారు. కారణం ఇంగ్లీషులో ఒక్క వాక్యం. భుయ్యాడీహ్ రోడ్డు మీద బోర్డులో ఈ పేరు లేదు, స్వయంగా చూశాను అని.

మిశ్రాజీ లేచి కిటికీలోంచి ఆకాశం చూశారు. "అమెరికా నుంచి శాటిలైట్ పెట్టి చూశాడు," అన్నారు. అప్పటినుంచి కిటికీ తెర వేసి ఉంచేవారు.

నేను బాబాయ్‌కి ఫోను చేసి, బోర్డు చూడ్డానికి ఎవరైనా వచ్చారా అని అడిగాను.

"ఒచ్చినాడు," అన్నాడు ఆయన ఏమీ వింత లేనట్టు. "సైకిలు దిగి బోర్డు సదివినాడు. ఎల్లిపోయి మల్లీ ఒచ్చి సదివినాడు. మన తెలుగాయనే. పర్సుడీహ్‌లో ఉంటాడు, రైల్వే పార్సిల్ బాబు. రిటైరైపోనాడులే."

బోర్డు మీద పేరు మార్పించమని చెప్పి, నేను పర్సుడీహ్ ఆటో ఎక్కాను.

డ్యూటీ

బజారు దాటాక రెండో సందులో ఇల్లు. తలుపు తీసిన ఆయన భార్య రత్నం పిన్నిగారు వేలు పెదాల మీద పెట్టి, "డ్యూటీలో ఉన్నారమ్మా," అంది.

లోపల ఆ పార్సిల్ బాబు, జగన్నాథం గారు, ఇస్త్రీ చొక్కా టక్ చేసుకుని, బూట్లు వేసుకుని కంప్యూటర్ ముందు కూర్చుని ఉన్నారు. మొత్తం ఇంటర్నెట్‌లో జంషెడ్‌పూర్ అనే అరకు ఎడిటరు ఆయనే. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ పార్సిల్ ఆఫీసులో సామాను రకాలు విడదీశారు. ఏ బస్తా ఏ తరగతి కిందికి వస్తుందో నిర్ణయించడమే పని. రిటైరయ్యాక చేతులు ఊరుకోక ఈ పనికి అర్జీ పెట్టుకున్నారు. డైరెక్టరీవాళ్ళు ఇచ్చేశారు.

నేనెవరో చెప్పాను. "ఏ-ఏ-వన్ పంపిందీ నువ్వేనా?" అన్నారు. తల దించుకున్నాను.

"బాబుగారూ, బ్యాండు వాళ్ళ బోర్డు మారుస్తున్నారు. ఈసారి పెట్టండి. వాళ్ళ బతుకు తెరువది."

"ఎడతాను. ఎందుకెట్టను? కానీ ఎక్కడెట్టాలి? మన ఊరికి వినోదం అర నేదు. కొత్త అర తెరవాలంటే పైవోల్లు ఒప్పుకోవాలి, సరిపడా సైట్లుండాలి. ఉన్న అరల్లోనే సర్దాలి."

"పెళ్ళిళ్ళు అనే అర..."

"నేదు. ఆసుపత్రులుంది, ఎడతావా?" అని కళ్ళజోడు సర్దుకున్నారు. "సూడమ్మాయ్, ఇది ఇత్తడా కాదా?"

"ఇత్తడే."

"బ్యాండా కాదా?"

"బ్యాండే."

"ఇంగ్లీషులో బ్యాండ్ అంటే పట్టీ కూడాను. ఇత్తడి పట్టీ. లోహాల అరలో ఎట్టీడానికి నాకు అడ్డేటి నేదు. పార్సిల్లో సామాను ఏటితో సేసినారో అదే రాత్తాం. దాంతో ఇంటికెల్లి ఏటి సేసుకుంటారో మనకి అనవసరం."

ఎంత చెప్పినా వినలేదు. మా వర్ణనలో ప్రసిద్ధి గాంచిన, సుప్రసిద్ధ, మధురమైన అన్న మాటలన్నీ కొట్టేశారు. పొగడ్తలు రాయకూడదని నియమమట. చివరికి మిగిలింది ఇంత: అమ్మోరు నూకాలమ్మ బ్రాస్ బ్యాండ్, భుయ్యాడీహ్. ఇత్తడి. ఆర్డరుపై సరఫరా.

వచ్చేస్తుంటే పిన్నిగారు గుమ్మం దాకా వచ్చి, "బజారుకెల్లమంటే డ్యూటీ ఉందంటారు. ఏటి డ్యూటీయో నువ్వైనా సెప్పమ్మా," అంది. చెప్పాను. ఆవిడకు అర్థమైనట్టు లేదు. నాకూ అప్పటికి పూర్తిగా అర్థమైందని చెప్పలేను.

వెడల్పు, మందం

కొద్దిరోజులకు లోహాల అరలో బ్యాండు పేరు కనబడింది. 'ఏ' మహిమ వల్ల పెద్దపెద్ద ఫ్యాక్టరీలన్నిటికన్నా పైన, మొట్టమొదట. సెర్చ్‌లో జంషెడ్‌పూర్ ఇత్తడి అని కొడితే ముందు వచ్చేది సింహాచలం బాబాయే. మిశ్రాజీ మిఠాయి పంచారు. నాకు మాత్రం అనుమానం పోలేదు. పెళ్ళి చేసుకునేవాడు లోహాల అరలోకి ఎందుకు చూస్తాడు?

చూడలేదు. చూసింది వేరేవాళ్ళు. బాబాయ్ ఫోను చేశాడు.

"పాపా, పిలుపులొత్తన్నాయి గానీ ఎవుడూ పెల్లి ఎప్పుడో సెప్పడు. గ్రేడు అడుగుతన్నారు. మనం ఏ గ్రేడు?"

"నువ్వేం చెప్పావు?"

"ఫస్టు గ్రేడన్నాను. రేపు రాయ్‌పూర్ నుంచి ఒకాయన ఒచ్చీత్తాడట, సరుకు సూసుకోడానికి. నువ్వు కూడా రా."

వచ్చినాయన ఏదో ఫ్యాక్టరీలో కొనుగోలు అధికారి. చేతిలో కొలత పరికరం పెట్టె. భుయ్యాడీహ్ సందులో బురద తప్పించుకుంటూ వచ్చి బ్యాండు షెడ్డులో కుర్చీలో కూర్చున్నాడు. నేను విషయం చెప్పబోయాను. బాబాయ్ నన్ను చేత్తో ఆపాడు. చాలారోజుల తర్వాత గుమ్మంలోకి వచ్చిన బేరం, తానే మాట్లాడుకోవాలని ఆయన ఆశ. మాటలు హిందీలో సాగాయి.

"మీ బ్యాండ్ వెడల్పు ఎంత?" అన్నాడు అధికారి.

"రోడ్డుని బట్టి బాబూ. ఈ సందులో అయితే ఇద్దరిద్దరు. సాక్చి మెయిన్ రోడ్డు ఇచ్చారంటే నలుగురేసి."

అధికారి రాసుకున్నాడు. "అంటే కావలసిన వెడల్పు చేసిస్తారన్నమాట. మందం?"

"మందంగానే ఉంటారు. పెద్ద బాకా వాడు మరీను."

"వంచితే విరగదు కదా?"

బాబాయ్ వెనక్కి తిరిగి తన మనుషుల్ని ఒకసారి చూసుకున్నాడు. "వయసైపోయింది బాబూ. అబద్ధం ఎందుకు, వంగమంటే కష్టమే. నిలబడమంటే మాత్రం ఎంతసేపైనా నిలబడతారు."

అధికారికి ఆ నిజాయితీ బాగా నచ్చింది. వంచాల్సిన అవసరం తమకు అంతగా లేదన్నాడు. వేడికి తట్టుకుంటుందా అన్నాడు. జ్యేష్ఠ మాసం మిట్టమధ్యాహ్నం సాక్చి నుంచి మానగో దాకా నడిచామన్నాడు బాబాయ్. అధికారి కలం ఆగింది. నడవడం ఏమిటని అడగబోయి, ఎందుకో మానేసి, "సరే, ఒక శాంపిల్ చూపించండి," అన్నాడు.

బాబాయ్ చెయ్యెత్తాడు. రేకుల షెడ్డులో బ్యాండు మొత్తం ఒక్కసారిగా అందుకుంది. అధికారి కొలత పెట్టె చేతిలోంచి జారిపోయింది. గోడ మీద దుమ్ము రాలింది. బస్తీ పిల్లలు గుంపుగా వచ్చి గుమ్మంలో గంతులు మొదలుపెట్టారు. బారాత్ పాట మొత్తం అయ్యేదాకా ఎవరూ ఆపలేదు, అధికారితో సహా.

పాట ఆగాక ఆయన మెల్లగా, "ఇత్తడి ఎక్కడ?" అన్నాడు.

"ఇదే బాబూ," అని బాబాయ్ బాకా ఆయన ఒళ్ళో పెట్టాడు.

అప్పుడు నేను చెప్పాల్సింది చెప్పాను. అధికారి బాకా పక్కన పెట్టి లేచాడు. ఇంతదూరం కంపెనీ ఖర్చు మీద పెళ్ళి బ్యాండు చూడ్డానికి వచ్చానని పై మేనేజరుకు ఎలా చెప్పుకోవాలి, ఉద్యోగం పోతుంది అన్నాడు. బాబాయ్ మనుషులు ఆయన చుట్టూ చేరి నీళ్ళిచ్చారు. తమ కష్టం మరిచిపోయి వాళ్ళు ఆయన కష్టమే పట్టించుకున్నారు. పెద్ద బాకా వాయించే అప్పన్న ఒక్కడే ధైర్యం చేసి అడిగాడు.

"సాబ్, మీ ఫ్యాక్టరీలో యంత్రాలకు విశ్వకర్మ పూజ చెయ్యరా? దానికి బ్యాండు వద్దా?"

చేస్తారు. ఫ్యాక్టరీ అన్నాక చెయ్యకుండా ఎలా ఉంటారు? అధికారి బయటికెళ్ళి మేనేజరుకు ఫోను చేశాడు. ఏం చెప్పాడో తెలియదు గానీ, లోపలికొచ్చేసరికి ముఖం తేటపడింది. ఆ తర్వాత బ్యాండుకు పక్కా కొనుగోలు ఆర్డరు వచ్చింది. వస్తువు: బ్రాస్ బ్యాండ్. పరిమాణం: ఒకటి. నాణ్యత పరీక్ష: సరఫరాదారు వద్దనే జరిగినది, సంతృప్తికరం.

ఆ పూజకు వచ్చిన చుట్టుపక్కల ఫ్యాక్టరీల వాళ్ళకు బాబాయ్ బ్యాండు గుర్తుండిపోయింది. లోహాల వ్యాపారంలో ఉన్నవాళ్ళందరూ రోజూ తిరగేసే అరలో మొదటి పేరు కూడా అదే. పూజలకు, కొత్త షెడ్డు ప్రారంభాలకు పిలుపులు మొదలయ్యాయి. బాకాలు జుగ్‌సలాయి వెళ్ళలేదు.

మిశ్రాజీ కొత్త సిద్ధాంతం

ఇక్కడ నా ఉద్యోగంలోకెల్లా పెద్ద పాఠం ఉంది. అందరూ తోసుకునే వరసలో మీ సైటును నిలబెడితే అది వందమందిలో ఒకటి. పెళ్ళిళ్ళ అర నిజంగా ఉండి ఉంటే, అందులో డీజేల కింద బాబాయ్ పేరు ఎవరికీ కనబడేది కాదు.

అయితే పాఠాన్ని సూత్రంగా మార్చకూడదు. మిశ్రాజీ మార్చారు. ఇకపై ప్రతి కస్టమరునూ తప్పు అరలోనే పెట్టాలన్నారు. పళ్ళ డాక్టరును గనుల తవ్వకంలో పెట్టమన్నారు, తవ్వడమేగా అని. నేను వద్దన్నాను. "రాయ్‌పూర్ వాడొచ్చాడా లేదా?" అని అడిగారు. వచ్చాడు మరి, ఏమనను?

పంపినవన్నీ జగన్నాథం గారు వెనక్కి కొట్టారు. పళ్ళ డాక్టరు విషయంలో మాత్రం ఆయన కూడా కాస్త ఊగారని తర్వాత తెలిసింది. డాక్టరు దగ్గరికి స్వయంగా వెళ్ళి, నోరు తెరిచి కుర్చీలో కూర్చుని, పన్ను ఖనిజం కిందికి వస్తుందా ఎముక కిందికి వస్తుందా అని అడిగారట. ఎముకకే దగ్గరని తేలాక ఆసుపత్రుల్లో పెట్టారు. మాకు తగిన శాస్తి, డాక్టరుకు తగిన చోటు.

నా కెరీర్లో చాలామంది నిపుణుల్ని చూశాను. రోజుకో కొత్త కిటుకు చెప్పేవాళ్ళు. అవతలివైపు ఒక మనిషి కూర్చున్నాడని, అతనికీ ఒక పద్ధతి ఉందని, కొన్నిసార్లు ఆటో ఎక్కి వెళ్తే అతను కనిపిస్తాడని చెప్పినవాళ్ళు తక్కువ.

ఆఖరి డ్యూటీ

సెర్చ్ ఇంజన్లు తెలివి మీరాక డైరెక్టరీలతో అవసరం తీరిపోయింది. ఆ పెద్ద డైరెక్టరీ కూడా మూతపడింది. అప్పటికి నేను వేరే పద్ధతుల్లో పని నేర్చుకుని సర్దుకున్నాను. జగన్నాథం గారి సంగతి తట్టనేలేదు. రత్నం పిన్నిగారే ఫోను చేసింది.

"అమ్మాయ్, మీ బాబుగారు పొద్దున్నే బూట్లేసుకుని కూకున్నారు. డ్యూటీ నేదట. అలగే కూకున్నారు, పలకట్నేదు. ఓపాలి రాయే."

వెళ్ళాను. ఖాళీ తెర ముందు ఇస్త్రీ చొక్కాతో కూర్చుని ఉన్నారు. "సెప్పకుండా మూసీసినారు," అన్నారు. "ఊల్లో ఎవుల్ని ఎక్కడెట్టానో నాకొక్కడికే తెలుసు. ఇప్పుడు ఎవుడు సూత్తాడు?"

నేను బయటికొచ్చి సింహాచలం బాబాయ్‌కి ఫోను చేశాను.

"రిటైరైనోడిని దండేసి బ్యాండుతో ఇంటికి తీసుకొచ్చేది మేమే కదేటి," అన్నాడు.

"ఆయన ఇంట్లోనే ఉన్నారు బాబాయ్."

"అయితే బయటికి తీసుకెల్లి తీసుకొద్దాం."

మర్నాడు సాయంత్రం ఎర్ర కోట్లతో బ్యాండు పర్సుడీహ్ వచ్చింది. జగన్నాథం గారిని టీ కొట్టు దాకా మామూలుగా నడిపించుకెళ్ళి, అక్కడ మెడలో బంతిపూల దండ వేసి, నలుగురేసి వరసలో ఇంటివైపు తిప్పారు. మొదట కోపగించారు. తర్వాత అడుగులు తాళానికి పడ్డాయి. సందు మలుపులో ఇద్దరిద్దరిగా మారారు. ఇళ్ళవాళ్ళు గుమ్మాల్లోకి వచ్చారు. పక్కింటామె రత్నం పిన్నిగారిని, ఏ డిపార్టుమెంటులో రిటైరయ్యారని అడిగింది.

"ఏ డిపార్టుమెంటో నాకూ తెలీదు," అంది పిన్నిగారు కళ్ళు తుడుచుకుంటూ. "ఇంట్లోనే డ్యూటీ. నేటితో అయిపోనాది. రేపట్నుంచి బజారుకెల్తారు."

మర్నాడు పొద్దున్నే మళ్ళీ ఆవిడ ఫోను. ఆయన నిజంగానే సంచీ పట్టుకుని బజారుకు వెళ్ళారట, ఎంతకీ రాలేదట, కూరలవాడితో గొడవ పడుతున్నారని ఎవరో చెప్పారట. నేను పరుగున వెళ్ళాను.

గొడవ టమాటా గురించి. టమాటా పండు, కూర కాదు, వంకాయల మధ్య పెట్టకూడదు అంటున్నారు జగన్నాథం గారు. కూరలవాడు ముందు నవ్వాడు, తర్వాత దండం పెట్టాడు. చివరికి ఆయన వదిలితే చాలని టమాటాల బుట్ట ఎత్తి తీసుకెళ్ళి, పక్కన తమ్ముడి పళ్ళ బండి మీద అరటి గెలల పక్కన పెట్టేశాడు.

నేను ఆయన చెయ్యి పట్టుకుని ఇవతలికి తెచ్చాను. ఇంటికి రానన్నారు, చూడమన్నారు. ఇద్దరం రోడ్డు ఇవతల నిలబడి చూశాం. దారిన పోయేవాళ్ళు అరటిపళ్ళ పక్కన ఎర్రగా ఉన్నవేమిటా అని ఆగుతున్నారు, చేతిలోకి తీసుకుంటున్నారు. కాసేపట్లో బుట్ట ఖాళీ అయింది. కూరలవాడు రోడ్డు దాటి మా దగ్గరికి వచ్చాడు. రెండు చేతులూ జోడించి, చాలా మర్యాదగా, ఉల్లిపాయలు ఎక్కడ పెట్టమంటారు బాబూ అని అడిగాడు.